మనవాళ్ళకి బిల్లేమిటి

కార్ల షోరూము వెనక, సర్వీసు విభాగంలో వరసగా మూడు బల్లలుంటాయి. మధ్య బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటారు. నోరు ఒక్క క్షణం మూతపడదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరది. డిగ్రీ అయింది, ఉద్యోగమైంది, మూడు వారాల కిందట పెళ్ళి కూడా అయింది. పేరు మాత్రం వదల్లేదు.

చిన్న చిన్న వాటికే ఏనుగెక్కినంత సంబరపడే మనిషి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు నిలబడి ఉంటే సంబరం. స్కూటరు ఎక్కేముందు మొగుడు అద్దం తనవైపు తిప్పి, జుట్టు సరిచేసుకునేదాకా ఓపిగ్గా నిలబడితే సంబరం. ఆ ఉదయం కూడా అలాంటి సంబరంతోనే వచ్చి కూర్చుంది. పదకొండు గంటలకి ప్రింటరు బావ కారు బిల్లు బయటికి కక్కింది. దాంతో సంబరమంతా ఆవిరైపోయింది.

బావ అంటే అక్క మొగుడు. పదకొండేళ్ళు ఇంకొకరి కారు తోలి, అక్క కుట్టుమిషను మీద కూడబెట్టిన దానికి బ్యాంకు అప్పు కలిపి, రెండేళ్ళ కిందట సొంత కారు కొన్నాడు. అది అద్దెకి తిరిగితేనే ఇల్లు గడుస్తుంది, వాయిదా కడతారు. కారు ఒక రోజు ఆగితే ఆ ఇంట్లో ఆ రోజు ఆగినట్టే.

బావ బిల్లు చేతిలోకి తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, తర్వాత దూరంగా పెట్టుకున్నాడు.

"ఎలా చూసినా పధ్నాలుగు వేల ఎనిమిది వందలే కనిపిస్తోంది మరదలా. నా కళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి."

"నూనె, ఫిల్టరు, ఏసీ శుభ్రం చేయడం, అడుగున పూత..."

"ఇంజను కడిగే మందట. పోయినసారీ పోశారు. మూణ్ణెల్లలో అంత మురికెక్కడిది? నా ఇంజనేమైనా బురదలో పొర్లిందా?"

పిచ్చుక నవ్వలేక నవ్వింది. ఆ మందు అవసరం లేదని ఆమెకి తెలుసు. పూత కూడా అవసరం లేదు. అయితే ఒక్కో కారు మీద ఇంత అమ్మాలని ఒక్కో బల్లకీ ఒక అంకె ఉంది. మేనేజరు గాజుగదిలో పలక మీద మూడు బల్లల అంకెలూ రాసి ఉంటాయి. వెనకబడ్డవాళ్ళది ఎర్రటి ఇంకుతో రాస్తాడు. అందుకే "మీ ఇష్టం సార్, కాకపోతే ప్రయాణికుల భద్రత కదా" అన్న మాట ఆమెకి నిద్రలో లేపినా వస్తుంది. ఆ మాట తన వంతు బల్ల అంకె కోసం బావకి కూడా చెప్పింది. బావ సరేనన్నాడు. మరదలు మాట కాదంటాడా?

"పైగా కాఫీ ఉచితం అన్నావు," బావ పేపరు కప్పు బల్ల మీద పెట్టాడు. "ఇంత ఖరీదైన కాఫీ నా జన్మలో తాగలేదు. అక్కకి చెప్పకు, నాకూ తెమ్మంటుంది."

ఆ జోకుకి పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. పిచ్చుక మాత్రం ఆ కప్పు తీసి చెత్తబుట్టలో వేసింది.

ఆమె మొగుడు కూడా కార్లు బాగుచేసేవాడే. పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, టైర్ల దుకాణం పక్కన రేకుల షెడ్డు అతనిది. డ్రైవర్లందరూ అతన్ని నిదానం అంటారు. ఎందుకంటే బోల్టు బిగించాలన్నా పుస్తకం తీసి ఎంత బిగువు ఉండాలో చూసి, కొలత చూపించే పానాతో అంతే బిగిస్తాడు. విప్పిన పాత భాగాలన్నీ ఒక సంచిలో వేసి "చూసుకోండి, ఇవే మార్చాను" అని చేతికిస్తాడు. రోజుకి రెండు కార్లకి మించి చేయలేడు. అందుకే ఆ షెడ్డు అద్దె పిచ్చుక జీతంలోంచి వెళ్తుంది. ఆ సంగతికి ఆమె ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. పైగా ఒకటో తారీఖున అద్దె తానే వెళ్ళి ఇచ్చి రావడం కూడా ఆమెకొక సంబరం.

ఆ ఆదివారం అక్క ఇంట్లో భోజనాలయ్యాక పిచ్చుకే మాట ఎత్తింది.

"బావా, వచ్చేసారి నుంచి మా ఆయన దగ్గర చేయించుకో. ఇందులో మూడో వంతు కూడా కాదు."

బావ తటపటాయించాడు. "ఇంకా ఏడాదిన్నర వారంటీ ఉంది కదే. బయట చేయిస్తే అది పోతుందంటారుగా?"

"అది మా షోరూమువాళ్ళు చెప్పే మాట. నేనూ చెప్తాను, రోజుకి ఇరవైసార్లు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో మాత్రం అలా లేదు. ఎక్కడ చేయించినా సరైన నూనె, అసలు ఫిల్టరు వాడాలి, దానికి బిల్లు ఉండాలి. అంతే. నలభై ఏడో పేజీ."

"పేజీ నంబరుతో సహా," అక్క మూతి తిప్పింది. "పరీక్షలకి ఇలా చదివుంటే కలెక్టరయ్యేది."

నిదానం మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "అన్నయ్యా, మీకు నమ్మకం కుదిరితేనే తీసుకురండి. మొహమాటానికి వద్దు," అన్నాడు.

"నమ్మకమేంటయ్యా, తోడల్లుడివి. నిన్ను నమ్మకపోతే ఆ కాఫీ మిషన్ని నమ్ముతానా?"

మూడు నెలలు తిరిగేసరికి పదివేల కిలోమీటర్లు దాటాయి. బావ కారు షెడ్డుకి వచ్చింది. సెలవు రోజు కావడంతో పిచ్చుక క్యారేజీ తీసుకుని వెళ్ళింది. మొగుడి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయని, తానే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. బావ ఆ వైపు చూడనట్టు నటిస్తూ టైరుతో మాట్లాడాడు. "చూశావా, మాకూ కొత్తలో ఇలాగే ఉండేది. ఇప్పుడు మా ఆవిడ పళ్ళెం నెట్టేసి పోతుంది." పిచ్చుక సిగ్గుతో ముద్ద చొక్కా మీద పడేసింది.

పని అయింది. నిదానం చేతులు కడుక్కుని, పాత ఫిల్టరూ ఖాళీ నూనె డబ్బాలూ సంచిలో వేసి బావకిచ్చాడు. తర్వాత బిల్లు పుస్తకం తీసి కార్బను కాగితం సరిచేశాడు. అతనికి బిల్లు రాయడం అంటే పని ముగించడమే. అది రాయనిదే కారు షెడ్డు దాటదు.

బావ మొహంలో నవ్వు కాస్త తగ్గినట్టు పిచ్చుకకి అనిపించింది. నూనెకీ ఫిల్టరుకీ అయిన డబ్బు బావ ముందే ఇచ్చేశాడు. ఇప్పుడు కూలి కూడా రాస్తాడేమోనన్న అనుమానమా, లేక తోడల్లుడు తనని గిరాకీలా చూస్తున్నాడన్న నొప్పా? ఏదైతేనేం, ఆ మొహం చూసి ఆమె ప్రాణం ఊరుకోలేదు. గబుక్కున పుస్తకం లాక్కుంది.

"మా బావకి బిల్లు రాస్తావా? మనవాళ్ళకి బిల్లేమిటి? అక్క వింటే నా పరువేం కాను?"

"కూలి వేయను. చేసిన పని రాస్తాను, అంతే."

"అదే వద్దంటున్నా. ఇంట్లో అన్నం పెట్టి రసీదు ఇస్తామా?"

బావ నవ్వేశాడు. "వదిలెయ్యి తమ్ముడూ, దాంతో వాదించి గెలిచినవాడు లేడు. రెండో నెలలోనే నేర్చుకోవాల్సిన పాఠమిది." నిదానం ఇంకో నిమిషం పుస్తకం వైపు చూశాడు. తర్వాత కొత్త పెళ్ళాం కళ్ళలోకి చూసి ఓడిపోయాడు. రోజుకి ఇరవైసార్లు "బిల్లు జాగ్రత్తగా దాచుకోండి సార్" అని చెప్పే మనిషి ఆ పుస్తకాన్ని సొరుగులో పెట్టి, దాని మీద ఖాళీ క్యారేజీ పెట్టింది.

మరో మూడు నెలలకి రెండో సర్వీసు అయింది. ఈసారి నిదానం పుస్తకం తీయనే లేదు.

ఆ తర్వాత అయిదో వారంలో, పొద్దున పదింటికి, పెద్ద రోడ్డు మీద నలుగురు ప్రయాణికులతో వెళ్తుండగా కారులో ఎర్రదీపం వెలిగింది. బావ పక్కకి ఆపేలోపే ఇంజను ఒకసారి కేకేసినట్టు మోగి బిగుసుకుపోయింది. ప్రయాణికుల్ని ఇంకో కారెక్కించి, లాగే బండిని పిలిపించి, మధ్యాహ్నానికి షోరూముకి చేరాడు. పిచ్చుక బల్ల ముందు కుర్చీలో కూలబడి, "నీ చేతుల్లో పెట్టేశా మరదలా, వారంటీ ఉందిగా," అన్నాడు. ఆ మాటలో దిగులు లేదు. అందుకే పిచ్చుకకి భయం వేసింది.

ఆమె వర్క్‌షాపులోకి వెళ్ళి చూసింది. మేస్త్రీలు బానెట్టు ఎత్తి, పానాతో ఇంజను తిప్పబోయి, తిరగక, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం జరిగిందో వాళ్ళకీ తెలుసు, ఆమెకీ తెలుసు. బావ కారు తయారైన నెలలోనే తయారైన కార్లు ఇప్పటికి మూడు ఇలాగే వచ్చాయి. లోపల నూనెని తోసే పంపు ఉంటుంది. దాని గేరు పళ్ళు కంపెనీలోనే సరిగ్గా గట్టిపడలేదు. అవి విరిగితే నూనె కదలదు, నూనె కదలకపోతే ఇంజను కాలిపోతుంది. మూడింటికీ ఇంజన్లు గుట్టుచప్పుడు కాకుండా ఉచితంగా మార్చేశారు. ఆ కాగితాలు ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. వాటితోబాటు పైనుంచి ఒక ఆదేశం కూడా వచ్చింది. ఈ విషయం బయటివారితో ఎవరూ మాట్లాడకూడదు. చదివి అర్థం చేసుకున్నామని సిబ్బంది అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆమె సంతకం పైనుంచి నాలుగోది.

మేనేజరు గాజుగదిలో కారు చరిత్ర చూస్తున్నాడు. చెడ్డవాడేమీ కాదు. సిబ్బంది పెళ్ళిరోజులు గుర్తుపెట్టుకుని కేకు తెప్పించే రకం.

"ఆఖరి రెండు సర్వీసులు మన దగ్గర లేవమ్మా."

"బయట చేయించారు సార్. సరైన నూనే వాడారు."

"బిల్లులు తెమ్మను. పైకి పంపిస్తాను. నేనూ మనిషినే, అద్దెకి తిప్పుకునేవాడి కారని నాకు తెలీదా? కాగితం లేకుండా మాత్రం పంపలేను."

పిచ్చుక మేనేజరు ముందున్న కంప్యూటరు వైపు చూసింది. కొత్త ఇంజను ఖరీదు తెరమీద కనిపిస్తోంది. రెండు లక్షల డెబ్భై వేలు. బావ కారు ఇప్పుడమ్మినా అంతకి కాస్త పైచిలుకే.

ఆమె భోజనం వేళకి స్కూటరేసుకుని షెడ్డుకి పరిగెత్తింది. సంగతి వినగానే నిదానం పానా పక్కన పెట్టేశాడు. బిల్లు పుస్తకం తీశాడు.

"పాత తేదీలు వేసి రాసిచ్చెయ్యి," అంది పిచ్చుక. "పని నిజంగానే చేశావుగా. అబద్ధమేముంది?"

"అబద్ధమని కాదు. నంబర్లు చూడు." పేజీలు తిప్పి చూపించాడు. ఆ రెండు తేదీలకి ముందూ వెనకా ఉన్న నంబర్లన్నీ వేరేవాళ్ళ పేర్ల మీద రాసేసి ఉన్నాయి. కార్బను కాపీలతో సహా, వరస తప్పకుండా. ఒక్క ఖాళీ లేదు.

"అయితే కొత్త పుస్తకంలో."

అతను కొత్త పుస్తకం తీసి, పేజీ అడుగున ఉన్న చీమతలకాయంత అచ్చు అక్షరాల మీద వేలు పెట్టాడు. ప్రెస్సు పేరు, ఎన్ని పుస్తకాలు అచ్చేశారో, ఏ నెలలో వేశారో. పోయిన నెల. రోజూ ఇతరుల బిల్లుల అడుగున ఆ అక్షరాలు వెతికి దొంగ బిల్లులు పట్టుకునేది ఆమే. కొత్త పుస్తకం మూసేసింది.

చివరికి నిదానం ఉన్నదున్నట్టు రాశాడు. ఈనాటి తేదీ వేసి, ఫలానా రెండు రోజుల్లో, ఇన్ని కిలోమీటర్ల దగ్గర, ఈ నూనె, ఈ ఫిల్టరు అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. తలుపు వేసి రమ్మన్నాడు.

"కారు ఆగిపోయాక రాసిన బిల్లు. రాసినవాడు మీ ఆయన. ఇది నేను పైకి పంపితే ముందు అడిగేది కారు గురించి కాదమ్మా. మన గిరాకీని మీ ఆయన షెడ్డుకి పంపిస్తున్నావా అని నిన్ను అడుగుతారు. దీన్ని నేను చూడలేదు. బ్యాగులో పెట్టుకో."

ఆమె బ్యాగులో పెట్టుకుంది.

"తిరస్కరణ కాగితం నువ్వే తియ్యి. నమూనా ఉంది కదా, పేరూ నంబరూ మార్చు చాలు."

నమూనాలో మూడు వాక్యాలున్నాయి. రెండోది ఇలా ఉంది: 'తగిన సర్వీసు ఆధారాలు లేనందున, నాణ్యత లేని నూనె వాడకం వల్ల ఈ నష్టం జరిగి ఉండవచ్చునని భావిస్తున్నాము.' ఆ వాక్యం మీద ఆమె వేలు చాలాసేపు ఆగింది. తీసేయడానికి లేదు, నమూనాలో ఆ భాగానికి తాళం వేసి ఉంది. ప్రింటరు కాగితం బయటికి కక్కింది. కింద 'సర్వీసు సలహాదారు' అన్నచోట సంతకం చేసింది.

మర్నాడు సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే, కాగితం కుట్టుమిషను మీద ఉంది. దాని మీద కత్తెర బరువు పెట్టారు. బావ పక్కనే కూర్చుని ఉన్నాడు. అక్కే మొదలుపెట్టింది.

"ఏమే, మీ ఆయన ఏం నూనె పోశాడే?"

"అక్కా, మంచిదే పోశాడు. డబ్బాలు కూడా చూపించాడుగా."

"డబ్బా మంచిదే. లోపలిది ఎవరు చూశారు? నీ సంతకంతోనే రాసి ఉంది కదే ఇక్కడ. నాణ్యత లేని నూనె అని. నేను రాశానా?"

"అది నమూనా అక్కా. అందరికీ అలాగే..."

"అందరికీ అలాగే అయితే మాకు ఇంజనెందుకివ్వరు? మేమేదో మా ఖర్మాన అంతంత పోసి అక్కడే చేయించుకునేవాళ్ళం. బయట చేయించుకోమన్నదెవరు? పేజీ నంబరు చెప్పిందెవరు?"

బావ లేచి అక్క భుజం తట్టాడు. "ఊరుకోవే. కావాలని చేస్తారా వాళ్ళు?" అన్నాడు. అక్క అరుపుల కన్నా ఆ మాటే పిచ్చుకకి ఎక్కువ గుచ్చుకుంది. కావాలని చేయకపోయినా చేశారనేగా అర్థం.

నిదానం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "అన్నయ్యా, కారు నా షెడ్డుకి లాగించుకొస్తాను. ఇంజను విప్పి, కావలసినవి మార్చి నడిపించి ఇస్తాను. సామాను ఖర్చు నాదే," అన్నాడు.

ఆ ఖర్చు ఎక్కడిదో పిచ్చుకకి తెలుసు. స్కూటరు అమ్మితే సగం వస్తుంది. మిగతాది ఆమె జీతం మీద అప్పు.

మర్నాడు పొద్దున టీ తాగుతున్నప్పుడు ఆమె మొగుడికి అంతా చెప్పేసింది. మూడు కార్లు, పంపు, ఆదేశం, నాలుగో సంతకం.

"ఇది బావకి చెప్తే షోరూముకి వెళ్ళి నిలదీస్తాడు. కోర్టుకైనా వెళ్తాడు. గెలుస్తాడు కూడా. నేను సాక్ష్యం చెప్తేనే గెలుస్తాడు. చెప్పిన రోజే నా ఉద్యోగం ఊడుతుంది. ఈ ఊళ్ళో ఇంకే షోరూమూ నన్ను తీసుకోదు. షెడ్డు అద్దె ఎవరిస్తారు?"

నిదానం టీ కప్పు చుట్టూ వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అతను ఏ మాటైనా కొలిచే మాట్లాడతాడు.

"నువ్వేం చెయ్యమంటావు?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. ముందు ఇంజను విప్పు. చూద్దాం. నువ్వేమీ అనకు, నేనేమీ అనను."

"సరే."

అలా అనేశాక ఆమె గుండె తేలికైంది. గ్లాసులో రెండు బ్రష్షులూ ఎప్పటిలాగే ఆనుకుని ఉన్నాయి. ఆ పూట వాటిని చూసి ఆమెకి ఏ సంబరమూ కలగలేదు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో ఇంజను విప్పారు. బావ ఉదయమే వచ్చి కూర్చున్నాడు. తమ వంతు కోసం ఇద్దరు డ్రైవర్లు కార్లు పెట్టుకుని ఉన్నారు. పని లేనివాళ్ళు పని చూస్తూ నిలబడటం మామూలే కదా, వాళ్ళూ వచ్చి చుట్టూ చేరారు. పిచ్చుక పానాలు ఒక్కొక్కటే అందిస్తోంది. నంబర్లన్నీ ఆమెకి నోటికొచ్చు, అదీ ఈ ఎనిమిది నెలల్లో నేర్చుకున్న సంబరమే.

నిదానం అడుగు తొట్టె విప్పి నూనె పళ్ళెంలోకి వంచాడు. తేనెరంగు ఇంకా పూర్తిగా పోలేదు, మురికి లేదు. వేళ్ళ మధ్య రుద్ది చూసి గుడ్డకి తుడుచుకున్నాడు. తర్వాత పంపు విప్పాడు. మూత తీయగానే మూడు గేరు పళ్ళు అరచేతిలోకి రాలాయి. విరిగినచోట బూడిదరంగులో గరుకుగా ఉంది. షోరూములో మూడు ఫోటోల్లో ఆమె చూసింది అచ్చం ఇదే.

నిదానం తలెత్తి ఆమెని చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత పంపు మీద గుడ్డ కప్పాడు.

బావ చూడనే చూశాడు. దగ్గరికి వచ్చి వంగాడు. "ఏంటది తమ్ముడూ?"

"పంపు అన్నయ్యా."

"విరిగిందిగా?"

"విరిగింది."

"దానంతటదే విరిగిందా? నాకు కొంచెం అర్థమయ్యేలా చెప్పు. పదమూడేళ్ళుగా కార్లు తోలుతున్నా, లోపలి సంగతులు తెలియకపోవచ్చు కానీ పిచ్చివాణ్ణి కాదు. ఇది కంపెనీ లోపమైతే, ఈ ముక్క పట్టుకుపోయి ఆ మేనేజరు బల్ల మీద కొడతా. పేపర్లో వేయిస్తా. నిజం చెప్పు. నూనె వల్లా, కాదా?"

ఒక డ్రైవరు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఇంకొకడు మొబైలు జేబులో పెట్టుకున్నాడు. పిచ్చుక చేతిలో పానా ఉంది. నోరు తెరిచింది. మాట నాలుక చివరదాకా వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ మూతపడని నోరు.

"నూనె వల్లే అన్నయ్యా," అన్నాడు నిదానం.

ఆమె అతని వైపు తిరిగింది. అతను తిరగలేదు. పళ్ళెంలో నూనె చూస్తూ, ఎప్పటిలాగే నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఆ సరుకు కొత్త దుకాణంలో తెచ్చాను. చవగ్గా ఇచ్చాడు. డబ్బా అసలుదే అనుకున్నా. కల్తీ అయ్యుంటుంది. పలచబడి పంపు తట్టుకోలేదు. తప్పు నాదే."

ఆ దుకాణం లేదు. అతను నూనె తెచ్చేది ఆమె పనిచేసే షోరూము సామాను కౌంటరు నుంచే, పూర్తి ధర పెట్టి, ఏ కారు నంబరూ ఉండని రసీదు మీద. రెండుసార్లూ ఆ డబ్బాలు ఆమే మోసుకొచ్చి ఇచ్చింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. 'అబద్ధం బావా' అంటే చాలు. ఆమె లోపల అద్దె, ఉద్యోగం, సంతకం ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాయి. ఆ పేర్పు పూర్తయ్యేసరికి సమయం దాటిపోయింది.

బావ నిటారుగా నిలబడ్డాడు. మొహంలో కోపం కోసం ఆమె వెతికింది, దొరకలేదు.

"పోన్లే. ఒప్పుకున్నావు. ఈ రోజుల్లో అదే గొప్ప," అన్నాడు. "నడిపించి ఇస్తానన్నావుగా, ఇవ్వు. అప్పటిదాకా పాత ఓనరు కారు తోలతాలే. ఆయనకి డ్రైవరు కావాలట."

డ్రైవర్లలో పెద్దవాడు గోడకున్న మేకు దగ్గరికి నడిచాడు. తన కారు తాళం తీసుకున్నాడు. "మేస్త్రీ, నాకు కిరాయి ఒకటి తగిలింది. రేపొస్తాలే," అన్నాడు. ఫోను మోగనేలేదు. రెండోవాడు ఆ మాత్రం కూడా అనకుండా తన తాళం తీసుకున్నాడు. రెండు కార్లూ సందులోంచి వెనక్కి నడిచి, పెద్ద రోడ్డు ఎక్కి వెళ్ళిపోయాయి. సాయంత్రానికి స్టాండులో ఎవరికి ఏం తెలుస్తుందో షెడ్డులో ఉన్న ముగ్గురికీ తెలుసు.

నిదానం పంపునీ, విరిగిన పళ్ళనీ గుడ్డలో చుట్టి పాత ఇనుము డ్రమ్ములో వేశాడు. మామూలుగా అయితే సంచిలో వేసి బావ చేతికివ్వాలి.

బావ వెళ్ళబోతూ పిచ్చుక దగ్గర ఆగాడు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయని చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వెందుకేడుస్తావు మరదలా? అక్క మాటలు పట్టించుకోకు, నేను చెప్తాలే దానికి. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నీకెంత కష్టమైందో నాకు తెలీదా? సొంత మొగుడి తప్పు అని తెలిసి కూడా న్యాయంగా రాశావు."

పిచ్చుక తల వంచుకుంది.

"అవును బావా," అంది.

బావ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. నిదానం మళ్ళీ ఇంజను మీదకి వంగాడు. తలెత్తకుండానే చెయ్యి చాపి పధ్నాలుగో నంబరు పానా అడిగాడు. ఆమె ఇచ్చింది. ఆ తర్వాత పన్నెండో నంబరు అడిగాడు. అదీ ఇచ్చింది.